తెలుగు మీడియం నుంచి పీటీఈకి: మూడు నెలల్లో 47ను 58 చేయాలంటే

పలమనేరు నుంచి ఒక చెల్లెలు అడిగింది. పదో తరగతి వరకు ప్రభుత్వ బడిలో తెలుగు మీడియం, తర్వాత తిరుపతిలో హాస్టల్లో ఉండి బీటెక్. ఆస్ట్రేలియాలో మాస్టర్స్ కోసం పీటీఈ అకడెమిక్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయాలి. తను చూసుకున్న యూనివర్సిటీ మొత్తం మీద 58 అడుగుతోంది, ఏ సెక్షన్‌లోనూ 50కి తగ్గకూడదు. మాక్ టెస్టులో స్పీకింగ్ 38, లిజనింగ్ 44, రీడింగ్ 55, రైటింగ్ 51, మొత్తం 47 వచ్చాయి. చేతిలో మూడు నెలలున్నాయి. "హైదరాబాద్ వెళ్లి కోచింగ్ తీసుకోవాలా? అసలు తెలుగు మీడియం వాళ్లకు ఇది అయ్యే పనేనా అక్కా?" అన్నది ప్రశ్న.

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. అయ్యే పనే. నేనూ తెలుగు మీడియమే. 2014లో ఈ పరీక్ష రెండుసార్లు రాశాను. అక్కడ చదువుకుని తిరిగొచ్చాక ఎనిమిదేళ్లుగా తిరుపతిలో ఇవే పరీక్షలకు పిల్లల్ని తయారు చేస్తున్నాను. ధైర్యం చెప్పడానికి ఊరికే అంటున్న మాట కాదిది, నీ మార్కులే చెబుతున్నాయి.

వాటిని ఒకసారి మళ్లీ చూడు. రీడింగ్ 55. తెలుగు మీడియం వల్లే దెబ్బ తింటుంటే అన్నిటికంటే ముందు పడిపోవాల్సింది అదే. అది నిలబడింది. పడిపోయినవి స్పీకింగూ లిజనింగూ. అంటే నీకు ఇంగ్లీషు కళ్ల గుండా వచ్చింది. బోర్డు మీద చూశావు, నోట్సులో ఎక్కించుకున్నావు, టెక్స్ట్‌బుక్కులో చదివావు. చెవి గుండా రాలేదు. మన బళ్లలో ఇంగ్లీషు పాఠం కూడా తెలుగులోనే చెబుతారు కదా, ఇక వినే భాగ్యమెక్కడిది? ఇంగ్లీషు మీడియంలో చదివి నా దగ్గరకు వచ్చే పిల్లల్లోనూ చాలామందిది ఇదే పరిస్థితి. కాబట్టి గ్రామర్ పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేస్తూ కూర్చోకు. ఈ మూడు నెలలూ ముందు చెవికి, దాని వెంట నోటికి, ఆ తర్వాత వేళ్లకు పని పెట్టు.

పీటీఈలో ఎదురుగా మనిషి ఉండడు. హెడ్‌సెట్ పెట్టుకుని మైకులో మాట్లాడతావు. మొత్తం రెండు గంటలకు కాస్త పైనే. ముందు స్పీకింగ్, రైటింగ్ కలిపి, తర్వాత రీడింగ్, చివర్లో లిజనింగ్. మార్కులు 10 నుంచి 90 మధ్య ఇస్తారు, వేసేది ప్రధానంగా కంప్యూటరే. మాటల్లో అది చూసేవి మూడు: చెప్పాల్సిన విషయం చెప్పావా, ఉచ్చారణ తెలిసేలా ఉందా, మాట ధారగా సాగిందా. ఎదురుగా మనిషి ఉంటే నీ ముఖం చూసి, పాపం ఆలోచిస్తోంది అని ఒక్క క్షణం ఆగుతాడు. మైకు ఆగదు. మూడు సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే రికార్డింగ్ మూసేస్తుంది. మళ్లీ తెరుచుకోదు.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. మొదటిసారి చెన్నైలో రాశాను. తెల్లవారుజామున మూడింటికి తిరుపతి బస్టాండులో బస్సెక్కి, నిద్ర లేకుండా నేరుగా పరీక్షకు వెళ్లాను. బొమ్మ చూసి వివరించే డిస్క్రైబ్ ఇమేజ్‌లో ఒక బార్ గ్రాఫ్ వచ్చింది, కొన్ని దేశాల్లో నీటి వాడకం గురించి. చూసుకోవడానికి 25 సెకన్లు, చెప్పడానికి 40 సెకన్లు. మొదటి వాక్యం బాగానే చెప్పాను. రెండో వాక్యం మధ్యలో 'వాడకం' అనడానికి ఇంకాస్త మంచి మాట కోసం వెతికాను. యూసేజ్ అనాలా, కన్సంప్షన్ అనాలా అని లోపల తర్జనభర్జన పడుతున్నాను. చూస్తుండగానే తెర మీద 'రికార్డింగ్' అని ఉన్నచోట 'కంప్లీటెడ్' అని వచ్చింది. ఇంకా సగం టైమ్ మిగిలే ఉంది. ఆ కంగారు తర్వాతి మూడు ప్రశ్నలకూ పాకింది. ఆ రోజు నాకు స్పీకింగ్‌లో వచ్చింది 46. రెండు నెలల తర్వాత అదే ఇంగ్లీషుతో వెళ్లి 67 తెచ్చుకున్నాను. ఆ మధ్యలో నాకు కొత్తగా వచ్చిన పదాలు పెద్దగా ఏమీ లేవు. ఆగకుండా మాట్లాడటం వచ్చింది, అంతే.

నువ్వు ఈ రాత్రి నుంచే మొదలుపెట్టు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చెయ్యి. ఏదో ఒక చార్టో, మ్యాపో ముందు పెట్టుకుని 40 సెకన్లు చెప్పు. తర్వాత విను. ఎంత బాగా చెప్పావన్నది వదిలెయ్. ఎన్నిచోట్ల ఆగావో కాగితం మీద గీతలు పెట్టు. 'ఆఁ', 'అంటే', 'అదీ' అన్న ప్రతిచోటా ఒక గీత. వాక్యం సగంలో వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడితే రెండు గీతలు. మొదటి రోజు పదో పన్నెండో వస్తాయి. రోజుకు మూడు బొమ్మల చొప్పున పది రోజులు చేస్తే అవి మూడుకో నాలుగుకో దిగుతాయి. 'కన్సంప్షన్' తట్టకపోతే 'యూజ్' అనేసి ముందుకు వెళ్లిపో. దానివల్ల పోయేది కొంచెం. ఆగిపోతే పోయేది చాలా.

ఇక ఉచ్చారణ. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే తెలుగు పిల్లల మార్కులు ఎక్కువగా ఇక్కడే జారిపోతాయి, పైగా పట్టుబట్టి కూర్చుంటే త్వరగా బాగయ్యేదీ ఇదే.

మన భాషలో మాట ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తుంది. అందుకే బస్‌ను బస్సు చేసుకున్నాం, రోడ్‌ను రోడ్డు, బుక్‌ను బుక్కు. తెలుగు మాట్లాడేటప్పుడు అది తప్పు కాదు, మన నోటికి అదే అందం. కానీ తెర మీద ఉన్నది పైకి చదివే రీడ్ అలౌడ్‌లో 'ద గవర్నమెంట్ మస్ట్ ప్రొటెక్ట్ ఫారెస్ట్ లాండ్' అన్న వాక్యం వచ్చిందనుకో. మన నోట్లో అది 'ద గవర్నమెంటు మస్టు ప్రొటెక్టు ఫారెస్టు లాండు' అయిపోతుంది. ఐదు మాటల చివర ఐదు అచ్చులు కొత్తగా పుట్టుకొచ్చాయి. మనకు అవి వినిపించవు. ఇంగ్లీషు విని పెరిగిన చెవికి, ఆ చెవి కోసం తయారైన యంత్రానికి వినిపిస్తాయి.

నా దగ్గరి పిల్లలతో నేను రోజూ అనే మాట: పొల్లుకు కొమ్ము తగిలించొద్దు. తెలుగు లిపిలో పొల్లు అంటే ఏమిటో నీకు తెలుసు కాబట్టి ఇది నీకు ఇట్టే పట్టుబడుతుంది. 'మస్ట్' అని రాసి చివరి పొల్లు మీద వేలు పెట్టు. ఇప్పుడు పలుకు. చివరి ట్ దగ్గర నాలుక కొస పైపళ్ల వెనక గట్టుకు ఆనుతుంది. అక్కడే ఆపు. దించకు. దించావా, ఉ వచ్చేసినట్టే. 'మ్యాప్' అన్నప్పుడు పెదవులు మూసుకుంటాయి, మూసే ఉంచు. అద్దం ముందు నిలబడి ఇలాంటి మాటలు ఇరవై, రోజుకు పది నిమిషాలు. మొదట మాట మింగేస్తున్నట్టు అనిపిస్తుంది, వారానికి అలవాటవుతుంది.

పొల్లు తర్వాత అచ్చుతో మొదలయ్యే మాట వస్తే రెండూ కలిసిపోతాయి. 'పిక్ ఇట్ అప్' అని విడివిడిగా ఎవరూ అనరు, 'పికిటప్' అంటారు. చిన్నప్పుడు మనం నేర్చుకున్న సంధుల్లాంటివే ఇవి, కాకపోతే రాతలో కనిపించవు, మాటలోనే వినిపిస్తాయి. ఈ సంగతి పట్టుబడితే మాట ధార దానంతటదే వస్తుంది, లిజనింగూ తేలికవుతుంది. 'వాళ్లు చాలా స్పీడుగా మాట్లాడుతున్నారక్కా' అని వచ్చే పిల్లలకు నిజంగా వచ్చిన ఇబ్బంది స్పీడు కాదు, కలిసిపోయిన మాటలను విడదీసుకోలేకపోవడం.

ఇంకొన్ని చిన్నవి ఉన్నాయి. మనం 'ఎగ్జామ్'ను 'యెగ్జామ్' అని, 'ఓపెన్'ను 'వోపెన్' అని మొదలుపెడతాం. 'ఈజీ', 'సైజ్' లాంటి మాటల్లో ఉన్న శబ్దం మన జ కాదు. స అంటూనే గొంతు మోగిస్తే వచ్చేది అది. చిత్తూరు, నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు పకు, బకు మధ్య తడబడుతుంటారు, వాళ్లు దాని మీద విడిగా కూర్చోవాలి. వీటికంటే ముఖ్యం, మాటలో ఏ భాగం మీద బరువు వెయ్యాలన్నది. 'ఫోటోగ్రాఫ్'లో బరువు మొదట్లో ఉంటుంది, 'ఫొటాగ్రఫీ'లో రెండో అక్షరం మీదికి జరుగుతుంది. 'డెవలప్‌మెంట్'ను మనం మొదటి అక్షరం మీద ఒత్తి అంటాం, ఒత్తాల్సింది రెండో దాని మీద. డిక్షనరీలో ఆ భాగానికి ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. ఫోన్‌లో డిక్షనరీ తెరిస్తే పలికి కూడా వినిపిస్తుంది. నీ బీటెక్ సబ్జెక్టుల్లో రోజూ వాడే యాభై మాటలకు ముందు ఈ పని చెయ్యి.

ఒకటి మాత్రం చెయ్యొద్దు. యాస తెచ్చి పెట్టుకోవద్దు. బ్రిటిష్ వాళ్లలాగో అమెరికన్ల లాగో మాట్లాడితే ఎక్కువ మార్కులు వస్తాయన్న నియమం ఎక్కడా లేదు. అరువు యాసతో మాట్లాడేవాళ్లు పదో సెకనుకు దాన్ని మరిచిపోయి తడబడతారు. నీ గొంతుతోనే, స్పష్టంగా, ఒకే వేగంతో.

నీ స్పీకింగునూ లిజనింగునూ ఒకేసారి లేపగలిగిన ప్రశ్న రిపీట్ సెంటెన్స్. ఒక వాక్యం ఒక్కసారి వినిపిస్తుంది, మూడు నుంచి తొమ్మిది సెకన్లు ఉంటుంది. ఆగగానే మైకు తెరుచుకుంటుంది, ఇక్కడ బీప్ కూడా రాదు, వెంటనే తిరిగి చెప్పాలి. ఇలాంటివి పది, పన్నెండు దాకా వస్తాయి. రెండు సెక్షన్లకూ లెక్కలోకి వస్తాయి. పిల్లలందరూ భయపడేదీ దీనికే: 'నాలుగు మాటలు దాటితే గుర్తుండట్లేదు' అని.

తిరుపతిలో నాలుగేళ్లున్నావు. తెల్లవారితే ఏదో ఒక ఇంట్లోంచో, గుడి మైకులోంచో సుప్రభాతం వినిపిస్తూనే ఉంటుంది. సంస్కృతం ఒక్క ముక్క రాని మా నాయనమ్మ కూడా పొయ్యి దగ్గర పని చేసుకుంటూ దాని వెంట పాడేది. ఆమె మాట మాటనూ విడిగా గుర్తుపెట్టుకోలేదు. ఊపిరి ఎక్కడ ఆగుతుందో అక్కడికి ఒక ముక్క, ఆ ముక్క రాగంతో సహా చెవిలో కూర్చుంది. రిపీట్ సెంటెన్స్ కూడా అంతే. 'స్టూడెంట్స్ హూ మిస్ ద ఫస్ట్ లెక్చర్ షుడ్ కాంటాక్ట్ దెయిర్ ట్యూటర్ బై ఫ్రైడే' అన్నది పన్నెండు మాటలు, పట్టుకోవడం కష్టం. 'మొదటి క్లాసు తప్పిపోయిన పిల్లలు', 'ట్యూటర్‌తో మాట్లాడాలి', 'శుక్రవారంలోగా' అని మూడు ముక్కలు చేసుకుంటే పట్టుబడుతుంది. కళ్లు మూసుకుని విను, వాళ్ల గొంతు ఎక్కడ లేచిందో ఎక్కడ దిగిందో ఆ రాగం పట్టుకో. తోక మరిచిపోతే మరిచిపో, మిగిలినంత సాఫీగా చెప్పి ఊరుకో. మధ్యలో ఆగి వెతికితే చెప్పిన భాగానికి రావాల్సిన మార్కులు కూడా తగ్గుతాయి.

రోజుకు ఇరవై వాక్యాలు. నడుస్తూ చెయ్యి, బట్టలు మడత పెడుతూ చెయ్యి. కూర్చుని చేసేదానికంటే అలా చేస్తే బాగా ఎక్కుతుందని నా అనుభవం. వినడానికి రకరకాల గొంతులు పెట్టుకో. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా అన్నీ పరీక్షలో వస్తాయి. క్రికెట్ చూసే అలవాటుంటే ఆస్ట్రేలియాలో జరిగే మ్యాచులకు ఇంగ్లీషు కామెంటరీ పెట్టుకో, ఆ ఊళ్ల గొంతు చెవికి అలవాటవుతుంది.

పరీక్ష చివర్లో వచ్చే రైట్ ఫ్రమ్ డిక్టేషన్ కూడా ఇలాంటిదే. మూడో నాలుగో వాక్యాలు, విని టైప్ చెయ్యాలి. ఇది లిజనింగ్‌కూ రైటింగ్‌కూ పనికొస్తుంది. సరిగ్గా రాసిన ప్రతి మాటకూ మార్కుంటుంది. పోయిన నెల నా దగ్గర ఒకమ్మాయి రాసింది చూపిస్తాను. వినిపించిన వాక్యం: 'ద స్టూడెంట్స్ వర్ ఆస్క్‌డ్ టు సబ్మిట్ దెయిర్ అసైన్‌మెంట్స్ బిఫోర్ ద ఎండ్ ఆఫ్ ద సెమిస్టర్.' ఆమె టైప్ చేసింది: 'స్టూడెంట్స్ వర్ ఆస్క్‌డ్ టు సబ్మిట్ దెయిర్ అసైన్‌మెంట్ బిఫోర్ ఎండ్ ఆఫ్ సెమిస్టర్.' ఆమెకు అర్థం కాని మాట ఒక్కటీ లేదు. అయినా 14 మాటల్లో నాలుగు పోయాయి. మూడు 'ద'లు, 'అసైన్‌మెంట్స్' చివరి స్. తెలుగులో ఆర్టికల్స్ లేవు. లేని దాన్ని చెవి వెతకదు, దుమ్ములా దులిపేస్తుంది. మాట చివర స్‌ను మింగేయడం మనకు ఎలాగూ అలవాటే.

దీనికి మందు గ్రామర్ రూల్స్ కాదు. రోజూ ఐదు వాక్యాలు విని రాసి, అసలు వాక్యంతో పోల్చి, తప్పిపోయిన మాటలు మాత్రం ఎర్ర ఇంకుతో ఒక చిన్న నోట్‌బుక్కులో ఎక్కించు. వారం తిరిగేసరికి చూస్తే ఆ పేజీ నిండా 'ద', 'ఎ', 'ఆఫ్', 'స్', 'ఎడ్' ఇవే ఉంటాయి, పెద్ద మాట ఒక్కటి కనిపించదు. అప్పుడు ఎక్కడ చెవి పెట్టాలో నీకే తెలుస్తుంది. ఆ అమ్మాయి నోట్‌బుక్కు నాలుగో వారానికి దాదాపు ఖాళీగా ఉంది.

వేళ్ల సంగతి. నీ తరం వాళ్లు ఫోన్ మీద రెండు బొటనవేళ్లతో ఎంత వేగంగా కొడతారో చూస్తుంటాను. పరీక్షలో ఉండేది పెద్ద కీబోర్డు. తప్పు కొడితే దిద్దిపెట్టే ఆటోకరెక్ట్ ఉండదు, స్పెల్లింగ్ తప్పు కింద ఎర్రగీతా రాదు. ఎస్సేకి 20 నిమిషాలు, 200 నుంచి 300 మాటలు. ఆలోచించుకోవడానికి నాలుగు నిమిషాలు, చివర్లో సరిచూసుకోవడానికి మూడు తీసేస్తే చేతిలో మిగిలేది పదమూడు. అందులో 250 మాటలు అంటే నిమిషానికి దాదాపు ఇరవై, అదీ వాక్యం అల్లుకుంటూ. చూసి కొట్టేటప్పుడు ముప్పై వస్తేనే అల్లుకుంటూ ఇరవై వస్తాయి. మన ఊళ్లలో టైపు ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లోయర్ పరీక్షకు పెట్టే వేగం కూడా నిమిషానికి ముప్పై మాటలే. దగ్గర్లో అలాంటి ఇన్‌స్టిట్యూట్ ఏదైనా ఇంకా నడుస్తుంటే నెల రోజులు చేరు, సిగ్గుపడకు. 'ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె' అని మొదటి రోజు నుంచి వేళ్లు పెట్టిస్తారు. లేదంటే ఫ్రెండ్ లాప్‌టాప్ మీద రోజూ ఇరవై నిమిషాలు చాలు, కాకపోతే కీబోర్డు చూడకుండా.

రైటింగ్‌లో నీకు 51 ఉంది కాబట్టి పొడుగ్గా చెప్పను. సమ్మరైజ్ రిటెన్ టెక్స్ట్, అంటే చదివినదాని సారాంశం, ఒకే వాక్యంలో రాయాలి, ఐదు నుంచి 75 మాటల లోపు. రెండో ఫుల్‌స్టాప్ పెట్టావంటే పని చెడినట్టే. ఎస్సేలో పొడుగు వాక్యాల మోజు వద్దు. తెలుగులో ఆలోచించి 'చేసి, వెళ్లి, చూసి, వచ్చి' అని గొలుసు కట్టడం మనకు అలవాటు, ఇంగ్లీషులో ఆ గొలుసు నాలుగో లింకు దగ్గర తెగుతుంది. రీడింగ్‌లో ఒక్క జాగ్రత్త: ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఎంచుకోమనే ప్రశ్నల్లో తప్పు జవాబుకు మార్కు కోత ఉంది. రూఢిగా తెలిసినవే టిక్ పెట్టు.

హైదరాబాద్ కోచింగ్ గురించి అడిగావు. మీ నాన్నగారి డబ్బు ఖర్చు పెట్టించే ముందు ఒక పని చెయ్యి. డెమో క్లాసుకు వెళ్లి, 'రోజూ నా రికార్డింగ్ విని ఎక్కడ తప్పు ఉందో చెప్పే మనిషి ఉన్నారా?' అని అడుగు. ఉంటే ఆలోచించు. 'టెంప్లేట్లు ఇస్తాం, బట్టీ పడితే చాలు' అంటే లేచి వచ్చెయ్. ఏ బొమ్మ వచ్చినా ఒకే నాలుగు వాక్యాలు అప్పజెప్పించే ఈ మూసలను నమ్ముకుని దెబ్బతిన్న పిల్లలు నా దగ్గరకు ఏడుస్తూ వచ్చారు. 2025 ఆగస్టు 7 నుంచి పరీక్ష మారింది కూడా. కొన్ని ప్రశ్నల జవాబులను కంప్యూటర్‌తో పాటు మనుషులూ చూస్తున్నారు. స్పీకింగ్‌లో రెండు కొత్త ప్రశ్నలు వచ్చాయి. ఒకటి కొందరు మాట్లాడుకున్నది విని సారాంశం చెప్పడం. రెండోది రెస్పాండ్ టు ఎ సిచ్యుయేషన్, అంటే ఫలానా పరిస్థితిలో ఎదుటివాళ్లతో నువ్వు ఏమంటావో చెప్పడం.

ఈ రెండోదాంట్లో మనవాళ్లకు ఎక్కడ తేడా కొడుతుందో చూశాను. తెలుగులో మర్యాద అంతా క్రియ చివర 'అండి'లో ఉంటుంది. 'నోట్సు ఒకసారి ఇవ్వండి' అంటే చాలు, ఎవరికీ కష్టం అనిపించదు. ఆ అండికి ఇంగ్లీషులో మాట లేదు. దాన్ని వదిలేసి మిగిలింది మాత్రం మార్చితే 'గివ్ మీ ద నోట్స్' అవుతుంది, గదమాయించినట్టు ఉంటుంది. ఇంగ్లీషులో మర్యాద వాక్యం మొదట్లో కూర్చుంటుంది: 'కుడ్ యు', 'వుడ్ యు మైండ్', 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్'. రోజూ హాస్టల్లో నువ్వు చెప్పే ఐదు మాటలను, రూమ్‌మేట్‌ను లైటు ఆపమనడం, వార్డెన్‌ను పర్మిషన్ అడగడం లాంటివి, ఇలా మార్చి పైకి చెప్పుకో. పరీక్షకే కాదు, అక్కడికి వెళ్లాక ఇంటి ఓనర్‌తో మాట్లాడటానికీ ఇదే కావాలి.

వేరే పరీక్ష మేలా అని కూడా నీకు అనుమానం ఉంటుంది. మైకు ముందు మూగబోయి, మనిషి ముందు కళకళలాడే పిల్లలకు నేను ఐఈఎల్‌టీఎస్ చెబుతాను. మిగతావి కంప్యూటర్ మీద రాసినా స్పీకింగ్ ఒక మనిషితో 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. టోఫెల్ రాసేవాళ్లు పాత పుస్తకాలు కొనొద్దు, 2026 జనవరి 21 నుంచి దాని రూపమూ మార్కుల పద్ధతీ మారాయి. నీకు మాత్రం పీటీఈనే ఉండనీ. మూడు నెలల్లో పరీక్ష మార్చుకుంటే నేర్చుకున్న అలవాట్లు మళ్లీ మొదటికి వస్తాయి.

మొదటి ఐదు వారాలు మాక్ టెస్టుల జోలికి పోకు. పొల్లు, రిపీట్ సెంటెన్స్, డిక్టేషన్, టైపింగ్, రోజుకు రెండు గంటలు. తర్వాత నాలుగు వారాలు మిగతా ప్రశ్నలు టైమ్ పెట్టుకుని. ఈ పరీక్ష పెట్టే పియర్సన్ వాళ్ల సైట్లో ఉచితంగా దొరికే ప్రాక్టీస్‌తో మొదలుపెట్టు. మార్కులు వేసి ఇచ్చే టెస్టులకు డబ్బు కట్టాలి, అలాంటివి రెండు మాత్రం కొని చివరి నెలకు దాచుకో. చివరి మూడు వారాల్లో ఒక విచిత్రమైన పని చెయ్యమంటాను: గోల మధ్య చదువు. పరీక్ష గదిలో నీ పక్కన పది మంది ఒకేసారి మైకుల్లో మాట్లాడుతుంటారు. నిశ్శబ్దంగా ఉన్న రూములో తయారైన పిల్లలు అక్కడ బిత్తరపోతారు. నేను నా పిల్లల్ని తిరుపతి బస్టాండుకు పంపిస్తాను. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, అనౌన్స్‌మెంట్లు మోగుతుంటే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇరవై వాక్యాలు తిరిగి చెప్పాలి. పక్కవాళ్లు వింతగా చూస్తారు. నాలుగో రోజుకు ఆ చూపులూ పట్టవు, ఆ గోలా పట్టదు.

మన వైపు నుంచి ఎక్కువ మంది చెన్నై వెళ్లి రాస్తారు. నాలాగా తెల్లవారుజామున బయల్దేరకు. ముందు రోజు సాయంత్రమే వెళ్లి బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో పడుకో. హెడ్‌సెట్ సరిచూసుకోమన్నప్పుడు మైకును నోటికి ఎదురుగా పెట్టకు, గడ్డం పక్కకు జరుపు. లేకపోతే ఊపిరి బుసలా రికార్డవుతుంది. టెస్ట్ రికార్డింగ్ వినిపించుకుని అప్పుడే ముందుకు వెళ్లు. ఆ మొదట్లో నిన్ను నువ్వు పరిచయం చేసుకోమంటారు, దానికి మార్కులు లేవు. గొంతు సవరించుకోవడానికి వాడుకో, టెన్షన్ పడకు.

అన్నిటికంటే ముందు పాస్‌పోర్టు. సెంటర్లో ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి, ఆధార్ పనికిరాదు, జిరాక్సు పనికిరాదు. బుకింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడిగా ఉంటుంది, కొందరికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది. అలవాటు కొద్దీ సర్టిఫికెట్ పేరుతో బుక్ చేసి గేటు దగ్గర వెనుదిరిగిన అబ్బాయిని నా కళ్లతో చూశాను, కట్టిన ఫీజూ పోయింది. నీ పాస్‌పోర్టు ఇంకా రాకపోతే ఈ వారమే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో స్లాట్ తీసుకో. వచ్చి ఉంటే అందులో ఇంటిపేరు గడిలో ఏముందో, పేరు గడిలో ఏముందో చూసి రాయి. తేదీ సంగతి ఆ తర్వాత చూద్దాం. ఈలోపు ఈ రాత్రి చేసిన రికార్డింగ్‌లో ఎన్ని గీతలు వచ్చాయో కూడా చెప్పు.